ఆకాశంలో ఉన్నట్టే లెక్క

విమానం తలుపు మూసుకోగానే లోపల చప్పట్లు మోగాయి. ఎందుకో వకుళకి అర్థం కాలేదు. ముందు వరుసలో శాలువా కప్పుకుని కూర్చున్న పెద్దమనిషి ఒకాయన మొదలుపెట్టాడు. ఆయన కొట్టాడని ఆయన వెనకవాళ్ళూ, వాళ్ళు కొట్టారని మిగతావాళ్ళూ కొట్టారు. వకుళ పక్కన కిటికీ దగ్గర కూర్చున్న అత్తగారు సీతారావమ్మ కూడా రెండు చప్పట్లు చరిచి, "ఎవరిదన్నా పుట్టినరోజా వకుళా?" అని అడిగింది.

అంతలో మైకులో కెప్టెన్ గొంతు వినిపించింది. "ప్రయాణికులకు శుభవార్త. సమయపాలన పక్షోత్సవాల సందర్భంగా గగనశ్రీ ఎయిర్‌లైన్స్ ఢిల్లీ విమానం క్షణం ఆలస్యం కాకుండా బయల్దేరిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం."

వకుళ కిటికీలోంచి చూసింది. ఎక్కేటప్పుడు విమానం ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. బయట రోహిణీ కార్తె ఎండ సిమెంటు నేలని పెనంలా కాలుస్తోంది. రేకుల షెడ్డు కింద సామాను ఎక్కించే కూలీలు నలుగురు చతికిలబడి పుచ్చకాయ కోసుకుంటున్నారు. బయల్దేరిన సూచనలేమీ కనబడలేదు. అయినా కెప్టెన్ అంతటివాడు చెప్పాడు కదా అని ఆమె నమ్మింది.

నమ్మడం వకుళకి అలవాటు. జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్ళుగా పౌరశాస్త్రం చెబుతోంది. ఎర్రలైటు వెలుగుతుంటే, రోడ్డు మీద పురుగు కూడా లేని మిట్టమధ్యాహ్నం సైతం స్కూటీ ఆపి నిలబడే మనిషి. నియమం అంటూ ఉంటే దాని వెనక ఎవరో ఒకరు జనం మంచి కోరి ఆలోచించి ఉంటారని ఆమె గట్టి నమ్మకం. పిల్లలకి కూడా అదే చెబుతుంది. పిల్లలు రాసుకుంటారు.

ఈ ప్రయాణం ఆడపడుచు హైమ పెట్టిన ముహూర్తం. ఢిల్లీలో కొత్త ఇల్లు కట్టుకున్నారు, గృహప్రవేశానికి అమ్మ రాకపోతే పాలు పొంగించనని భీష్మించుకుంది. సీతారావమ్మకి ఉబ్బసం. "రైల్లో అంతసేపు ఆ ఉక్కలో ఎందుకు వదినా, విమానంలో అయితే అమ్మ చల్లగా కూర్చుని వస్తుంది" అని టికెట్లు కూడా హైమే తీసి పంపించింది.

చల్లదనం తలుపు మూసిన కాసేపటికే సెలవు తీసుకుంది. నెత్తి మీద రంధ్రాల్లోంచి వచ్చే గాలి మొదట గోరువెచ్చనైంది, తర్వాత ఆగిపోయింది. మనుషులు చేతికి దొరికిన కాగితమల్లా విసనకర్ర చేసుకున్నారు. ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో బొమ్మలేసి చూపించే అట్టలు అన్ని సీట్లలోనూ టపటపా ఊగసాగాయి. ఆ అట్టలు అచ్చువేసినందుకు మొదటిసారి మనుషుల ప్రాణాలకి అక్కరకొచ్చాయి.

ఎయిర్‌హోస్టెస్ ప్రణవి అటుగా వస్తే వకుళ ఆపింది. "ఏసీ వేస్తారా అమ్మా? మా అత్తయ్యకి ఆయాసం."

"ఇంజన్లు స్టార్ట్ అయితే వస్తుంది మేడమ్. పక్షోత్సవాలు కదా, అన్ని విమానాలూ సమయానికే తలుపులు మూసేశాయి. ఉన్నది ఒక్క రన్‌వే. ముందు చాలా ఉన్నాయి."

"అందాకా వేరే ఏర్పాటేమీ ఉండదా?"

"చలిగాలి బండి ఉంటుంది మేడమ్. కింద నుంచి గొట్టం తగిలిస్తే లోపలంతా చల్లబడుతుంది. అదిగో, ఆ షెడ్డు పక్కన నీలంరంగుది. కానీ అది నేల మీదున్న విమానాలకే."

"మనం నేల మీదే ఉన్నాంగా?"

ప్రణవి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఉన్నాం మేడమ్. కానీ బయల్దేరిపోయాం. తలుపు మూస్తే బయల్దేరినట్టే లెక్క. ఒకసారి బయల్దేరాక నేల మీది వసతులు ఇవ్వరు."

"పోనీ, మంచినీళ్ళు?"

"సీటుబెల్టు గుర్తు ఆరిపోయాక ఇస్తాం మేడమ్. చక్రాలు నేల వదిలాక ఆరుతుందది."

వకుళ ఈ రెండు జవాబుల్నీ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది. నేల మీద ఇచ్చేవి అడిగితే ఆకాశంలో ఉన్నాం. ఆకాశంలో ఇచ్చేవి అడిగితే నేల మీద ఉన్నాం. త్రిశంకుడు కనీసం చల్లటి చోట వేలాడి ఉంటాడనిపించింది.

ముందు వరుస నుంచి శాలువా పెద్దమనిషి లేచి, గొంతు సవరించుకుని వరుసల మధ్యకి వచ్చాడు. "నమస్కారం. నా పేరు విశ్వమోహన్. ప్రయాణికుల హక్కుల పరిరక్షణాధికారిని. పక్షోత్సవాల ప్రారంభ సూచకంగా నన్ను సన్మానించి ఈ విమానంలోనే పంపించడం జరిగింది. మీ హక్కులకి రవ్వంత భంగం కూడా కలగకుండా ఢిల్లీ వరకు మీ వెంటే ఉంటానని మనవి చేసుకుంటున్నాను."

వకుళకి ప్రాణం లేచివచ్చింది. ఇన్నేళ్ళూ నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన హక్కులకి ఒక అధికారి ఉన్నాడు, శాలువా కప్పుకుని ఎదురుగా నిలబడ్డాడు. "సార్, మా అత్తయ్యకి ఉబ్బసం. లోపల ఊపిరాడటం లేదు. ఆ చలిగాలి బండి ఒక్కసారి తెప్పించండి" అంది.

విశ్వమోహన్ గారు కళ్ళు మూసుకుని విన్నాడు. నుదుటి మీంచి చెమట ధారగట్టి ముక్కు కొనకి చేరింది. "తమ అభ్యర్థనని సానుభూతితో పరిశీలించడం జరిగింది. అయితే వేడి అనే అంశం ఈ దశలో ఉత్పన్నం కావడానికి వీల్లేదు. బయల్దేరిన విమానం చుట్టూ గడ్డకట్టే చలి ఉంటుంది. ఇది శాస్త్రం." అని శాలువా ఇంకొంచెం బిగించుకున్నాడు.

"చలా!" అని వెనక సీటు నుంచి ఒక గొంతు లేచింది. అది భావనారాయణది. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉందాయనకి. బస్తాల మధ్య పెట్టే థర్మామీటర్ ఒకటి ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. అది తీసి విశ్వమోహన్ గారి ముఖం ముందు పెట్టాడు. "ఇదిగో, ఎట్టా పాకిందో చూడండి. ఇంత వేడిలో మిరపకాయలుంచితే రైతులు నన్ను రోడ్డు మీదికి ఈడుస్తారండీ. ఎండు మిరపకాయకున్న మర్యాద మడిసికి లేదా ఏంది?"

విశ్వమోహన్ గారు థర్మామీటర్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ పరికరం భూమి మీద ఉపయోగార్థం తయారు చేయబడినది. ఆకాశమార్గంలో దీని రీడింగుకి ప్రామాణికత లేదు. అయినప్పటికీ ప్రజాస్వామ్యబద్ధంగా వ్యవహరిద్దాం. ఉక్కగా ఉన్నదని భావించేవారు చేతులెత్తండి."

విమానంలో చేతులు లేనివాళ్ళు తప్ప అందరూ ఎత్తారు. ఆయన ఆ చేతుల అడవిని కాసేపు చూశాడు. "చూశారా, ఇన్ని చేతులు ఒకేసారి పైకి లేస్తే గాలి ఎలా ఆడుతుంది? దయచేసి దించండి. ఉక్కకి కారణం ఏమిటో తేలింది."

మళ్ళీ కెప్టెన్ గొంతు వచ్చింది. ఆ గొంతు కూడా చెమట పట్టి ఉన్నట్టే ఉంది. "ప్రయాణికులకు గమనిక. మన కాలపట్టిక ప్రకారం ప్రస్తుతం గోదావరి నది మీదుగా వెళుతున్నాం. కుడివైపు కూర్చున్నవారు నదీ అందాలను తిలకించవచ్చు."

కుడివైపువాళ్ళు తిలకించారు. కూలీలు పుచ్చకాయలో సగం పూర్తి చేశారు. వెనక వరుసలో ఒక ముసలాయన మాత్రం కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, కిటికీ తెరుచుకోదు కాబట్టి సీటు ముందు జాలీ సంచిలో పడేశాడు. ఆయన్ని చూసి మరో ఇద్దరు వేశారు. వకుళ నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఎందుకంటే సీతారావమ్మ ఎప్పుడూ లేనిది గోదావరి పేరు విని కూడా కళ్ళు తెరవలేదు.

"అత్తయ్యా!"

"ఊఁ. ఏం లేదమ్మా. కాస్త... ఎగపోత" అంది సీతారావమ్మ. రెండు మాటల మధ్య ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. వకుళ సంచిలోంచి పీల్చే మందు తీసి నోటి దగ్గర పెట్టింది. మామూలుగా ఒక పీల్పుకే సర్దుకునేది. ఈసారి రెండుసార్లు పీల్చినా పిల్లికూతలు తగ్గలేదు. తెచ్చుకున్న నీళ్ళ సీసా ఎప్పుడో ఖాళీ అయింది. పెద్దామె పెదవులు పాలిపోయి, మెడనరాలు తాళ్ళలా లేచి పడుతున్నాయి. వకుళకి భయం పట్టుకుంది. భర్త పక్కన లేనప్పుడు ఆయన తల్లికి ఏమన్నా అయితే అనే భయం కాదది. కాపురానికి వచ్చిన కొత్తలో పరీక్షలకి చదువుకుంటుంటే వంటింటి తలుపు దగ్గరగా వేసి, చప్పుడు కాకుండా గిన్నెలు కడిగిన మనిషి ఈమె. ఆ మనిషి ఇప్పుడు పక్కన కూర్చుని గాలి కోసం నోరు తెరుస్తోంది.

ప్రణవి పరుగున వచ్చి ఒక చిన్న సీసా చేతిలో పెట్టింది. "ఇది నాది మేడమ్, విమానంది కాదు. తాగించండి" అని గబగబా వెళ్ళిపోయింది.

"తలుపు తెరవండి!" అని వకుళ లేచి నిలబడి అరిచింది. కాలేజీలో కూడా ఆమె అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు.

విశ్వమోహన్ గారు నిర్ఘాంతపోయాడు. "అమ్మా! ఆకాశంలో తలుపు తెరవమని కోరడం ఎంతటి నేరమో తమకి తెలియదు. చదువుకున్నవారిలా ఉన్నారు."

"ఏ ఆకాశమండీ!" భావనారాయణ కిటికీ మీద గుప్పిటతో గుద్దాడు. "వాళ్ళక్కడ పుచ్చకాయ తింటన్నారు కనపళ్ళా? ఆకాశంలో పుచ్చకాయ యాడిదండీ?"

"కంటికి కనబడినదల్లా రికార్డుకి రాదు" అన్నాడు విశ్వమోహన్ గారు, అటువైపు చూడకుండా. "అయితే ఈ పెద్దావిడ విషయంలో నా బాధ్యత నేను విస్మరించను. ఆకాశయానంలో ప్రయాణికురాలికి అస్వస్థత కలిగితే, అత్యంత సమీపంలోని విమానాశ్రయంలో దింపి వైద్యసహాయం అందించాలి. అది ఆమె తిరుగులేని హక్కు."

"అయితే దింపండి. ఇదేగా దగ్గరది!"

"ఇది మనం వదిలివచ్చిన విమానాశ్రయం తల్లీ. ఇప్పుడు దీనికి చాలా దూరంలో ఉన్నాం. లెక్క ప్రకారం దారిలో వచ్చే విమానాశ్రయాన్ని సంప్రదించడం జరుగుతుంది."

సంప్రదించడం జరిగింది. కెప్టెన్ దారిలోని విమానాశ్రయంతో మాట్లాడి, అత్యవసరంగా దిగడానికి అనుమతి అడిగాడు. వాళ్ళు పాపం మంచివాళ్ళే, వెంటనే ఇచ్చారు. అంబులెన్సు కూడా సిద్ధం చేశారు. కాకపోతే మీ విమానం మా తెర మీద ఎక్కడా కనబడటం లేదు, కాస్త కిందికి దిగండి అన్నారు. ఇంతకంటే కిందికి దిగడం సాధ్యపడదని కెప్టెన్ జవాబిచ్చాడు. అయితే దేవుడే దిక్కని వాళ్ళు ఒక క్షణం మౌనం పాటించి, అంబులెన్సుని వెనక్కి పంపేశారు.

"శాయశక్తులా ప్రయత్నించాం" అన్నాడు విశ్వమోహన్ గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అబద్ధమాడేవాడైతే వకుళకి సులువయ్యేది, కాలరు పట్టుకునేది. ఆయన చెప్పిన ప్రతి అక్షరాన్నీ ఆయన నమ్ముతున్నాడు. చెమటకి శాలువా జరీ రంగు కారి మెడ మీద పచ్చటి చార పడినా, తనకి చలిగానే ఉందని నమ్ముతున్నాడు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి ఇలాంటి నమ్మకమే కదా తను నూరిపోసింది అని తట్టేసరికి వకుళకి ఒళ్ళంతా కంపరమెత్తింది. ఆయన మీద, తన మీద, గోదావరికి దండం పెట్టుకున్న ముసలాయన మీద కూడా పట్టరాని కోపం వచ్చింది.

సీతారావమ్మ చెయ్యి వెతుక్కుని వకుళ చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. "ఢిల్లీ... ఎప్పుడొస్తుందమ్మా? వస్తే... తలుపు తీస్తారుగా."

వకుళ చప్పున ఆమె ముఖంలోకి చూసింది. అంతే. ఆకాశంలో ఉండగా తలుపు తెరవరు. ఢిల్లీ వస్తే తెరుస్తారు. తలుపు దగ్గరికి వెళ్ళే దారి ఇటునుంచి లేదు, ఢిల్లీ మీంచే ఉంది.

చెంగుతో ముఖం తుడుచుకుని, గొంతు నెమ్మదించుకుని, "సార్, చిన్న సందేహం" అంది. "గాలి అనుకూలంగా ఉంటే విమానం అనుకున్నదానికంటే ముందు చేరడం కద్దేనా?"

"కద్దు. నిరభ్యంతరంగా చేరవచ్చు."

"ఈ పక్షోత్సవాల్లో సమయానికి బయల్దేరినవి చాలా ఉండి ఉంటాయి. సమయానికి ముందే చేరినది ఒక్కటన్నా ఉందాండీ?"

విశ్వమోహన్ గారు ఆలోచించాడు. "నా ఎరుకలో లేదు."

"మనదే మొదటిది కావచ్చు కదా. తమరు స్వయంగా ఉన్న విమానం."

ఆయన ముఖంలోకి మెల్లగా వెలుగొచ్చింది. "అనుకూల పవనాలు వీస్తున్నవా?" అని అడిగాడు, అడిగి ఆమె కళ్ళలోకి ఆశగా చూశాడు.

విమానంలో ఆకు కదిలేంత గాలి లేదు. "బ్రహ్మాండంగా వీస్తున్నాయి సార్" అంది వకుళ. ఎర్రలైటు దగ్గర ఆగే వకుళ, కన్నార్పకుండా.

"అబ్బో, ఈడ్చి కొడతంది గాలి!" అన్నాడు భావనారాయణ. ఆయన వ్యాపారస్థుడు, బేరం ఎటు పోతోందో ఇట్టే పట్టేశాడు. "నా టోపీ ఎగిరిపోయిందండీ ఇందాక." ఆయన నెత్తిన టోపీ ఎప్పుడూ లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా గాలి, గాలి అని గోలగోలగా సాక్ష్యం పలికారు. చేతులు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

విశ్వమోహన్ గారు హడావిడిగా కెప్టెన్ గదిలోకి వెళ్ళాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో గాని, ఆ గదిలో కూడా ఏసీ లేదు కాబట్టి సంభాషణ తొందరగానే ముగిసింది. మైకు గరగరలాడింది.

"ప్రయాణికులకు ఆనందకరమైన విషయం. అసాధారణమైన అనుకూల పవనాల వల్ల మన విమానం నిర్ణీత సమయానికి ఎంతో ముందుగా ఢిల్లీ చేరుకుంటోంది. దయచేసి సీట్లు నిటారుగా పెట్టుకోండి. కిటికీ తెరలు పైకెత్తండి."

అందరూ సీట్లు నిటారుగా పెట్టుకున్నారు. ప్రణవి వరుసలన్నీ తిరిగి బెల్టులు సరిచూసింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వు ఆపుకోవడం వల్లో మరెందువల్లో తెలియదు. సీతారావమ్మ పిల్లికూతలు విమానమంతా వినబడ్డాయి. వకుళ ఆమె వీపు నిమురుతూ, దిగవయ్యా బాబూ, తొందరగా దిగు అని నేల మీదున్న విమానాన్ని మనసులో బతిమాలుకుంది.

"ఢిల్లీ విమానాశ్రయంలో సురక్షితంగా దిగాం. విమానం పూర్తిగా ఆగేవరకు లేవకండి" అన్నాడు కెప్టెన్.

ఎప్పటిలాగే ఆ మాట పూర్తికాకముందే జనం లేచి నెత్తిమీది అరల్లోంచి సంచులు లాగడం మొదలుపెట్టారు. విమానం ఇంకా ఆగలేదు కూర్చోండి అని విశ్వమోహన్ గారు వేడుకుంటూనే ఉన్నాడు. భావనారాయణ ఆయన్ని పక్కకి జరిపి, "దోవియ్యండి, పెద్దామె ముందు దిగాల" అని సీతారావమ్మని పసిపిల్లలా చేతుల మీదికి ఎత్తుకున్నాడు.

తలుపు తెరుచుకుంది.

రోహిణీ కార్తె వడగాలి ముఖాన కొట్టింది. మామూలు రోజుల్లో అయితే తిట్టుకుని తలుపేసుకునే గాలి. లోపలి నుంచి వచ్చినవాళ్ళకి అది మంచు మీంచి వీచినట్టుంది. కూలీలు పుచ్చకాయ వదిలేసి నిచ్చెనబండి తోసుకొచ్చారు. భావనారాయణ పెద్దామెని రేకుల షెడ్డు నీడలోకి తీసుకెళ్ళి గోనెసంచి మీద కూర్చోబెట్టాడు. ఒక కూలీ తన తలపాగా విప్పి, నీళ్ళలో తడిపి ఆమె మెడ మీద వేశాడు. ఇంకొకడు తన కుండలోని నీళ్ళు లోటాతో అందించాడు. నీలంరంగు చలిగాలి బండివాడు ఎవరూ అడక్కుండానే గొట్టాన్ని ఆమె వైపు తిప్పి మీట నొక్కాడు. నేల మీదున్న మనుషులకి ఇవ్వకూడదని అతనికెవరూ చెప్పినట్టు లేదు.

వకుళ మోకాళ్ళ మీద కూర్చుని మందు మళ్ళీ పీల్పించింది. ఈసారి లోపలికి వెళ్ళింది. పిల్లికూతలు ఒక్కొక్కటిగా తగ్గాయి. పెదవులకి రంగొచ్చింది. సీతారావమ్మ కళ్ళు తెరిచి షెడ్డునీ కూలీలనీ పుచ్చకాయ తొక్కల్నీ చూసింది. "ఢిల్లీలో అందరూ తెలుగువాళ్ళే ఉన్నారే" అంది. వకుళ ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేసింది.

ఫోను మోగింది. హైమ. "వదినా, బోర్డు మీద మీ విమానం వచ్చేసిందని వేశారు! ముందే వచ్చిందట, అందరూ చప్పట్లు కొడుతున్నారు. బయటికొచ్చే గేటు దగ్గరే నిలబడ్డాను. మీరేరీ?"

"వస్తాం హైమా" అంది వకుళ కళ్ళు తుడుచుకుంటూ. "రైల్లో వస్తాం. పాలు ఎల్లుండి పొంగిద్దువుగాని."

జనం సంచులు మోసుకుని గేటు వైపు నడిచిపోయారు. డబ్బులు వెనక్కి అడిగితే, మిమ్మల్ని ఢిల్లీ చేర్చాంగా అన్నారట గగనశ్రీవాళ్ళు. అందరూ దిగినా, తలుపు దగ్గర మాత్రం విశ్వమోహన్ గారు చెక్కిన బొమ్మలా నిలబడే ఉన్నాడు. రెండు చేతులతో తలుపు అంచు పట్టుకున్నాడు. ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"దిగండి సార్!" అని కేకేసింది వకుళ.

"దిగకూడదమ్మా. ప్రయాణికుల్ని ఢిల్లీలోని హక్కుల అధికారికి అప్పగించాలి. ఆయన వచ్చి స్వాగతం పలికాకే నేను దిగాలి. నియమం" అన్నాడాయన. ఢిల్లీ అధికారి ఢిల్లీలో ఎదురుచూస్తూ ఉండి ఉంటాడు.

ఉండనీ, మాడనీ అనుకుంది వకుళ. ఆయన్ని చూస్తే జాలి పడాలనిపించలేదు. కానీ సీతారావమ్మ అటే చూస్తోంది. "వాడికీ కాసిని నీళ్ళియ్యవే. ఆ నిలబడ్డ తీరు చూస్తే పడిపోయేట్టున్నాడు. వాడికీ ఓ తల్లి ఉంటుంది" అంది, ఇంకా సన్నగా ఆయాసపడుతూనే.

వకుళ కుండలోంచి లోటా నిండా ముంచి నిచ్చెన ఎక్కింది. విశ్వమోహన్ గారు లోటాని చూశాడు. ఆయన గొంతులో గుటక పడటం ఆమెకి కనబడింది. చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇవి ఏ ఊరి నీళ్ళమ్మా?" అని అడిగాడు. ఆ అడగడంలో అధికారం లేదు, బతిమాలుకోవడం ఉంది.

వకుళ ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసింది.

"ఢిల్లీవే సార్. తాగండి."

ఆయన రెండు చేతులతో లోటా అందుకుని, గడగడా చివరి చుక్క దాకా తాగాడు. తాగి మూతి తుడుచుకుని, చాలాసేపటికి మొదటిసారి బయటికి, ఆ షెడ్డు వైపు, ఆ ఎండ వైపు చూశాడు.

"ఆశ్చర్యంగా ఉందే," అన్నాడు మెల్లగా, "అచ్చం మన ఊరి నీళ్ళలాగే ఉన్నాయి."